కడిగినా పోని అనుమానం

చంద్రపూర్ నుంచి బల్లార్షాకు పోయే దారిలో విసాపూర్ వస్తుంది. ఇక్కడి వాళ్లకు దుమ్ము కొత్త కాదు. చుట్టుపక్కల బొగ్గు గనులు, బల్లార్షాలో పేపర్ మిల్లు, చంద్రపూర్ అవతల థర్మల్ విద్యుత్ కేంద్రం. పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు చంద్రపూర్‌కు 100కు 83.88 వచ్చింది. దేశం మొత్తంలో నాలుగో స్థానం. అలాంటి చోట ఒక తల్లి "చేతులు కడుక్కో బిడ్డా" అంటే అందులో చాదస్తం ఏమీ లేదు.

చిక్కు కూడా అక్కడే ఉంది. మురికి నిజంగా ఉన్న ఊళ్లో, కడుక్కోవడమే జబ్బుగా మారిన పిల్లను గుర్తుపట్టడం కష్టం. ఎవరికీ తప్పు అనిపించదు. పైగా మెచ్చుకుంటాం.

ఒక ఇంటిని ఊహించండి. ఇది ఏ ఒక్కరి ఇల్లూ కాదు, ఈ జబ్బు ఉన్న ఇళ్లలో తరచుగా జరిగే సంగతులను ఒకచోట చేర్చిన ఇల్లు. తండ్రిది గనిలో పని. షిఫ్టు దిగి వస్తే ఒంటి నిండా బొగ్గు. తెలుగు మీడియంలో ఏడో తరగతి చదివే కూతురు గుమ్మం దగ్గరే ఆపుతుంది. "బాపూ, స్నానం చేసినంకనే లోపలికి రా." తండ్రికి ముచ్చటేస్తుంది. పిల్ల శుభ్రత నేర్చుకుందని తోటి కార్మికులకు చెప్తాడు. నెల తిరిగేసరికి ఒక స్నానం చాలదు. చెప్పులు బయటే వదిలినా చాలదు. ఆయన కూర్చున్న కుర్చీని ఆమె ముట్టదు. ఆయన తెచ్చిన సైకిల్ తాళం, ఆ తాళం వేలాడే మేకు, ఆ మేకు ఉన్న గోడ ఒక్కొక్కటే మురికి వైపు చేరిపోతాయి. పండగకు సెలవు పెట్టి ఆయన రెండు రోజులు గనికి పోకపోయినా ఆమె లెక్క మారదు. బొగ్గు ఎప్పుడో పోయింది. ఆ మిగిలినదాన్ని వైద్యులు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అంటారు. పొట్టిగా ఓసీడీ.

ఇందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది, వద్దన్నా వచ్చి పడే ఆలోచన. "ఈ చేతికి ఏదో అంటింది, ఇది అన్నంలో కలిస్తే అమ్మకు జబ్బు చేస్తుంది" లాంటిది. రెండోది, ఆ భయాన్ని దించుకోవడానికి చేసి తీరాలనిపించే పని. కడగడం, తుడవడం, లెక్కపెట్టడం, అడిగిందే అడగడం. ఈ రెండూ కలిసి రోజులో గంటకు మించి తినేస్తున్నా, చదువునో నిద్రనో స్నేహాలనో చెడగొడుతున్నా అది అలవాటు కాదు, జబ్బు. 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పెద్దవాళ్లలో వెయ్యికి సుమారు ఎనిమిది మందికి ఓసీడీ ఉందని తేల్చింది. పిల్లల్లో ఇది పదేళ్ల వయసు దగ్గర్లోనే మొదలు కావచ్చు. అంటే మన బడి వయసు.

తెలుగులో దీనికి జనం నోట నలిగిన పేరు లేదు. అతిశుభ్రత అంటున్నారు కానీ ఆ మాట తప్పుదారి పట్టిస్తుంది. ఓసీడీ ఉన్న పిల్ల పుస్తకాల సంచీ అట్టడుగున నెల కిందటి అరటి తొక్క ఉండొచ్చు. "మురికైన" అరను ముట్టుకోలేక ఆమె దాన్ని తీయలేదు. మన సామెతే దగ్గరగా ఉంది: అనుమానం పెనుభూతం. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచ్ వైద్యులు కూడా దీన్ని "సందేహపు పిచ్చి" అనే అర్థమొచ్చే మాటతోనే పిలిచారు. పిచ్చి అన్న మాట మనకొద్దు కానీ సందేహం అన్నది మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. మురికిని చూసి కడిగేవాడికి మురికి పోగానే పని అయిపోతుంది. సందేహం వచ్చి కడిగేవాడికి ఎప్పుడు అయిపోయిందో తెలియదు. చేయి తెల్లగా కనిపిస్తూనే ఉంటుంది. కంటికి తెలుస్తుంది, మనసుకు నమ్మకం కుదరదు. "చాలు" అనే గంట లోపల మోగదు.

ఆ ఆలోచన రావడమే జబ్బా అంటే కాదు. 1978లో రాచ్‌మన్, డిసిల్వా అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఏ జబ్బూ లేని మామూలు మనుషులను అడిగి చూశారు. వాళ్లలోనూ ఎక్కువమందికి అలాంటి వింత ఆలోచనలే వస్తున్నాయని తేలింది. వచ్చేవి దాదాపు ఒకటే. తేడా అంతా తర్వాత జరిగేదాంట్లో ఉంది. మామూలు మనిషి "ఛ, ఏంటిది" అనుకుని పనిలో పడతాడు. ఓసీడీ ఉన్నవాడు ఆ ఆలోచనను హెచ్చరికగా తీసుకుని తరిమేయాలని చూస్తాడు. తరిమితే పోతుందా? 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా పరిశోధకుడు కాలేజీ విద్యార్థులను కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి తలచుకోకండి, తలపుకొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. ఈ పరీక్షను మీ తరగతిలో రేపే చేసి చూడొచ్చు. పైసా ఖర్చు లేదు, పిల్లలు నవ్వుతారు. తలపును బలవంతంగా ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదని వాళ్లకే తెలుస్తుంది.

కడగడం ఎందుకు పెరుగుతుందో చెప్పడానికి నాకు వడ్డీ లెక్క కంటే మంచి పోలిక దొరకలేదు. భయం వచ్చింది, చేతులు కడిగింది, భయం దిగింది. ఆ కాసేపటి హాయి నిజమే. కానీ అది అసలు తీర్చిన హాయి కాదు, ఆ నెలకు వడ్డీ కట్టిన హాయి. కడిగినందువల్లే గండం గడిచిందని మెదడు రాసిపెట్టుకుంటుంది. కడగకపోయినా ఏమీ అయ్యేది కాదని తెలుసుకునే అవకాశం దానికి దొరకదు. రేపు భయం ఇంకాస్త ముందే వస్తుంది, ఇంకో రెండు సార్లు ఎక్కువ అడుగుతుంది. నిజానికి ఏ భయమైనా తన పాటికి వదిలేస్తే పెరిగి, ఒకచోట ఆగి, దిగుతుంది. ఎప్పుడూ సగంలోనే కడిగేసే పిల్ల ఆ దిగడాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండదు.

మడి వేరు, ఇది వేరు

తెలుగిళ్లలో ఈ జబ్బుకు దాక్కోవడానికి సిద్ధంగా చాలా మాటలున్నాయి. మడి, మైల, ఎంగిలి, అంటు, ముట్టు. పిల్ల రెండు గంటలు స్నానం చేస్తే నాయనమ్మకు అది ఆచారంలా కనిపించవచ్చు. గుర్తుపట్టే మార్గం ఒకటుంది. ఆచారానికి అంచు ఉంటుంది. ఇన్ని చెంబులు పోసుకుని ఫలానా బట్ట కడితే మడి అయినట్టే, ఇక అనుమానం లేదు. అందరికీ ఒకటే నియమం. ఓసీడీకి అంచు లేదు. ఇంట్లో ఎవరూ పాటించని, ఏ పురోహితుడూ చెప్పని నియమాలు పుట్టుకొస్తాయి. పాటించినా తృప్తి ఉండదు. ఆచారం పాటించేవారు దాన్ని తమదిగా భావిస్తారు. ఈ పిల్ల మాత్రం లోలోపల "ఇది అర్థం లేని పని, అయినా ఆపలేకపోతున్నా" అని ఏడుస్తుంది. చిన్నపిల్లలకు ఆ మాట చెప్పడం కూడా రాదు.

ఇంకో సంగతి సూటిగా చెప్పాలి. ఫలానా కులం పిల్ల పక్కన కూర్చోను, ఫలానా ఇంటి డబ్బాలో తినను అనేది ఓసీడీ కాదు, అంటరానితనం. దానికి వైద్యం అక్కరలేదు, చట్టం ఉంది. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధ దీక్ష ఇచ్చిన డాక్టర్ అంబేడ్కర్ రెండు రోజుల తర్వాత, అక్టోబర్ 16న, ఇదే చంద్రపూర్‌లో మళ్లీ వేలమందికి దీక్ష ఇచ్చారు. ఆ జిల్లాలో పనిచేసే ఉపాధ్యాయులకు ఈ రెంటినీ కలపకూడదని చెప్పనక్కరలేదు. ఓసీడీ ఉన్న పిల్లకు సొంత తండ్రి చేయి, సొంత పలక, చివరికి సొంత కుడి చేయి కూడా మురికిగా అనిపిస్తాయి. ఆ భయానికి కులం తెలియదు.

మురికి కూడా ఎప్పుడూ మురికే కానక్కరలేదు. సైన్సు పుస్తకంలో ఒక జబ్బు బొమ్మ ఉన్న పేజీ తగిలితే పుస్తకమంతా అంటుపడినట్టు అనిపించే పిల్లలున్నారు. చావు ఇంటి ముందు నుంచి బస్సు వెళ్లిందని ఆ రోజు వేసుకున్న యూనిఫాం మళ్లీ ముట్టని వాళ్లున్నారు. ఎవరైనా తిట్టిన మాట ఒంటికి అంటుకున్నట్టు అనిపించి స్నానానికి పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. రాచ్‌మన్ దీనికి మానసిక కాలుష్యం అని పేరు పెట్టాడు. సబ్బుకు ఇక్కడ చేయగల పనే లేదు.

బడిలో ఎలా కనిపిస్తుంది

బడిలో మురికి భయం మురికి భయంలా కనిపించదు. సోమరితనంలా కనిపిస్తుంది, పొగరులా కనిపిస్తుంది. ఇంటర్వల్‌కు వెళ్లిన పిల్ల గంట కొట్టిన పావుగంటకు వస్తుంది. మోచేత్తో తలుపు నెడుతుంది. డస్టర్ అందుకోమంటే వినపడనట్టు నటిస్తుంది. బోరింగ్ దగ్గర అందరూ తాగాక ఒక్కతే నిలబడి హ్యాండిల్ కడుగుతూ ఉంటుంది, లేదా రోజంతా నీళ్లే తాగదు. బడి మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందని అలా కడుపు మాడ్చుకునే ఆడపిల్లలు ఎంతమందో. డబ్బా తెచ్చుకుంటుంది, తినకుండా తీసుకుపోతుంది. రాసిందే చెరిపి రాస్తే పేజీకి చిల్లులు పడతాయి. చేతి వెనకభాగం ఎర్రగా పొలుసు లేచి, వేళ్ల కణుపుల దగ్గర చీలి ఉంటుంది. ఈ చివరి గుర్తు ఎవరికైనా కనిపిస్తుంది. ఎండాకాలంలో కూడా చేతులు చలికి పగిలినట్టుంటే ఒకసారి ఆగి అడగాలి.

విసాపూర్‌లోని వృక్షోద్యానానికి తరగతిని తీసుకుపోతామంటే ముందు చేయెత్తి, బయల్దేరే రోజు కడుపునొప్పి తెచ్చుకునే పిల్లను గమనించండి. చెట్లంటే భయం కాదు ఆమెకు. బస్సు సీటు, అక్కడి నల్లా, బయట తినాల్సిన అన్నం. నాలుగు రోజుల ముందు నుంచే ఆమె వాటితో లోపల యుద్ధం చేసి ఓడిపోయి ఉంటుంది.

మన బడులకు ఇంకో ముడి ఉంది. మహారాష్ట్రలో తెలుగు మీడియం పిల్ల ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, హిందీ మాట్లాడుతుంది. 2020 చట్టం తర్వాత అన్ని మాధ్యమాల బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి పాఠం. పాఠానికి, బేరానికి ఆ భాష సరిపోతుంది. కానీ "నా చేయి నాది కాదనిపిస్తోంది" అన్న మాట ఎవరికైనా మొదట సొంత భాషలోనే వస్తుంది. పెద్దాసుపత్రిలో డాక్టరు మరాఠీలోనో హిందీలోనో ఏమైందని అడిగితే పిల్ల "కుఛ్ నహీ" అంటుంది. తల్లి "సాఫ్ సఫాయీ జ్యాదా కర్తీ హై" అంటుంది. డాక్టరుకు పొడి చర్మం కనిపిస్తుంది, పూత మందు రాసిస్తారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, సంగతి భాష దాటలేదు అంతే. తెలుగు చెప్పే సారో టీచరమ్మో ఇక్కడ చేయగల పని పెద్దది. ఆ పిల్ల మాట పూర్తిగా వినగలిగిన పెద్దమనిషి ఆ బడిలో వాళ్లే కావచ్చు.

ఎలా అడగాలి? "ఎందుకలా చేస్తున్నావు" అంటే పిల్ల మూసుకుపోతుంది. సిగ్గు చాలా ఉంటుంది ఈ జబ్బులో. "కొంతమందికి కడిగినా ఇంకా ఏదో ఉందనిపిస్తుంది, కడగకపోతే ఇంట్లోవాళ్లకు ఏమన్నా అవుతుందేమో అనిపిస్తుంది. నీకూ అట్లా ఉంటుందా?" అని అడిగితే, తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని పిల్లకు మొదటిసారి తెలుస్తుంది. చాలాసార్లు జవాబు మాటల్లో రాదు, కళ్లల్లో నీళ్లుగా వస్తుంది.

2017లో వచ్చిన "మహానుభావుడు" సినిమా వల్ల ఓసీడీ అన్న పేరు తెలుగు ఊళ్లకు చేరింది. మారుతి దర్శకత్వంలో శర్వానంద్ ఆ పాత్ర వేశాడు. పేరు తెలిసింది, మంచిదే. దాంతో పాటు అదొక నవ్వుల సంగతి అన్న అభిప్రాయం కూడా చేరింది. తరగతిలో ఎవరైనా టేబుల్ సర్దితే "నీకు ఓసీడీరా" అనడం అప్పటి నుంచే మొదలైంది. నిజంగా ఉన్న పిల్ల ఆ నవ్వులో తనూ కలిసి నవ్వుతుంది, ఇక ఎవరికీ చెప్పదు.

ఇంట్లోవాళ్లు చేసే సాయం

మళ్లీ ఆ గని కార్మికుడి ఇంటికి వద్దాం. ఈ జబ్బు పిల్ల ఒక్కతే నడపలేదు, ఇల్లంతా కలిసి నడపాలి. తండ్రి రెండోసారి స్నానం చేశాడు, ఎందుకంటే పిల్ల ఏడుస్తోంది. తల్లి ఉతికిన బట్టలే మళ్లీ ఉతికింది. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో, నీళ్లకు కటకటగా ఉండే రోజుల్లో మూడు బకెట్ల నీళ్లు ఆ బట్టలకే పోయాయి. "అమ్మా, నా చేయి మంచిగుందా?" అని అడిగితే "మంచిగుంది బిడ్డా" అంటుంది. ఒక గంటలో ఇరవై సార్లు. ఇరవై సార్లూ ప్రేమతోనే. ఆ జవాబు కూడా ఒక కడుగుడే. చేతికి బదులు మాటతో కడగడం. పరిశోధకులు దీన్ని ఇంటివారి సర్దుబాటు అంటారు. సర్దుబాటు ఎంత ఎక్కువ ఉంటే జబ్బు అంత గట్టిగా ఉంటున్నట్టు, చికిత్సకు అంత మొండికేస్తున్నట్టు కనిపిస్తోంది.

ఇది చదివి ఇవాళ సాయంత్రమే అన్నీ ఆపేయకండి. నల్లా కట్టేసి, సబ్బు దాచేసి, "ఇక నీ ఇష్టం" అంటే పిల్ల ఇంకో దారి వెతుక్కుంటుంది, లేదా విరిగిపోతుంది. కొట్టడం, మంత్రం వేయించడం సంగతి చెప్పనే అక్కరలేదు. తగ్గించడం పిల్లకు చెప్పి, ఒప్పుకున్నంత మేరకు, ఒక్కొక్కటిగా జరగాలి. మొదట ప్రశ్నల దగ్గర మొదలుపెట్టొచ్చు. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు. ఇందాక ఒకసారి జవాబు చెప్పిన. మళ్ల చెప్పను. నీ పక్కనే కూసుంట." ఈ నాలుగు మాటలు చెప్పడం తల్లికి మూడు బకెట్లు మోయడం కంటే కష్టం. పిల్ల గొంతు పెంచుతుంది, ఏడుస్తుంది. పక్కన కూర్చోవడం అన్నది మాత్రం వదలకూడదు.

ట్యాపు కట్టేసిన డాక్టరు

ఈ జబ్బుకు నిజంగా పనిచేసే మాటల వైద్యం పుట్టి అరవై ఏళ్లే. అంతకుముందు ఏళ్ల తరబడి కూర్చోబెట్టి బాల్యాన్ని తవ్వేవారు, తగ్గేది కాదు. 1966లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త ఇద్దరు రోగుల కథ ప్రచురించాడు. చేసింది వినడానికి మొరటుగా ఉంటుంది. రోగి భయపడే వస్తువును ముట్టుకోనిచ్చాడు, తర్వాత కడుక్కోకుండా నర్సులు తోడుగా ఉండి ఆపారు, గదిలో నీళ్లు కట్టేశారు. భయం పెరిగింది, తర్వాత తనంతట తానే దిగింది. కొన్నేళ్లకు అలా చూసిన 15 మందిలో 10 మంది బాగా కోలుకున్నారని ఆయన బృందం రాసింది. ఇప్పుడు అంత మొరటుగా చేయరు. పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్. పిల్ల, వైద్యుడు కలిసి ఒక నిచ్చెన గీస్తారు. అట్టడుగు మెట్టు, నేల మీద పెట్టిన సంచీని ముట్టి పది నిమిషాలు కడగకుండా ఉండటం. తర్వాత బాపు కుర్చీ చేతిని పట్టుకోవడం. తర్వాత బడి నల్లా. పైమెట్టు మీద, తలుపు గడియ ముట్టుకున్న చేత్తో ఒక బిస్కెట్ తినడం ఉండొచ్చు. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కాలో పిల్ల చెప్తుంది. ప్రతి మెట్టు దగ్గరా భయానికి పదికి ఎన్ని మార్కులో తనే వేస్తుంది. తొమ్మిది, తొమ్మిది, ఏడు, నాలుగు అని కాగితం మీద అంకెలు దిగుతుంటే చూసే పిల్ల ముఖం వేరుగా ఉంటుంది.

అందుకే ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. భయపడే పిల్ల చేతికి బలవంతంగా సుద్దపొడి పూయడం చికిత్స కాదు, హింస. పనీ అదీ చూడటానికి ఒకేలా ఉన్నా, పిల్ల ఒప్పుకుని చేయడమే మందు.

మందులూ ఉన్నాయి. 1960ల చివర్లో క్లోమిప్రమిన్ అనే దిగులు మందు ఓసీడీకి పనిచేస్తోందని గమనించారు. ఇప్పుడు ఎక్కువగా సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్ లాంటివి వాడతారు. మత్తుకు అలవాటు చేసే మందులు కావివి. ప్రభావం కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు కాబట్టి పదిహేను రోజులకే "పనిచేయలేదు" అని మానేయడం దండగ. ఉన్నట్టుండి ఆపడం మంచిది కూడా కాదు. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల మధ్య 112 మంది పిల్లలను నాలుగు గుంపులుగా విడదీసి 12 వారాలు చూశారు. జబ్బు దాదాపు పోయినవాళ్లు, మాటల వైద్యం, మందు రెండూ ఇచ్చిన గుంపులో నూటికి 54 మంది. ఒట్టి మాటల వైద్యంతో 39. ఒట్టి సెర్ట్రాలిన్‌తో 21. ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపులో నలుగురి లోపే. ఈ చివరి అంకె చూడండి. "పెద్దయితే అదే పోతుంది" అని ఊరుకునేవాళ్లు చూడాల్సిన అంకె అదే.

బల్లార్షా, విసాపూర్ వాళ్లకు దగ్గర్లో చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నాగ్‌పూర్‌లో ప్రాంతీయ మానసిక వైద్యశాల ఉంది. దక్షిణంగా రైలెక్కితే హైదరాబాద్ ఎర్రగడ్డ. బెంగళూరులోని నిమ్హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే నడుస్తోంది. అంత దూరం పోయే ముందు ఫోను ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416. డబ్బు పడదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగు, మరాఠీ సహా ఇరవై భాషల్లో మాట్లాడతారు. తెలుగు ఎంచుకోండి, పిల్లకే ఫోను ఇవ్వండి. జబ్బు తీవ్రంగా ఉండి చదువు దెబ్బతింటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్ వస్తే పరీక్షలో అదనపు సమయం కోసం అడిగే వీలుంది. పదో తరగతి ఫారాలు నింపే ముందే ఆ పని చూసుకోవాలి, పరీక్షల నెలలో తిరిగితే అందదు.

డాక్టరు దగ్గరికి పోయే ముందు వారం రోజులు ఒక కాగితం రాయండి. భాష కష్టాన్ని సగం తీరుస్తుందది. తెలుగులోనే రాసి, బడిలో మరాఠీ చెప్పే సారు చేత కింద మరాఠీలో రాయించండి. పిల్లకు చెప్పే రాయాలి, చాటుగా కాదు. రోజుకు ఎన్నిసార్లు కడుగుతోంది, ఒక్కోసారి ఎంతసేపు, స్నానానికి ఎన్ని నిమిషాలు, సబ్బు ఎన్ని రోజులకు అయిపోతోంది. కడగకపోతే ఏమవుతుందని భయమో పిల్ల సొంత మాటల్లో, దిద్దకుండా. ఇంట్లో ఎవరెవరు ఏమేం చేసి పెడుతున్నారు. చివరి వరుసలో, భయం వల్ల ఆమె చేయడం మానేసిన పనులు: నీళ్లు తాగడం, పక్కపిల్ల డబ్బాలోంచి ముద్ద తీసుకోవడం, కబడ్డీ, షిఫ్టు నుంచి వచ్చిన బాపు పక్కన కూర్చోవడం.